కూర నింపితే చిరగని పీటా బ్రెడ్ ఎక్కడ దొరుకుతుంది? (పిల్లల స్కూల్ డబ్బా కోసం)

మియాపూర్_అమ్మ అడిగారు:

పిల్లలకి ఆరేళ్లు, తొమ్మిదేళ్లు. వారానికి రెండు రోజులు అన్నం బదులు పీటాలో (జేబులా తెరుచుకునే గుండ్రటి రొట్టె) కూర నింపి పంపుదామని చూస్తున్నా. స్కూల్లో లంచ్‌కి ఇచ్చేది ఇరవై నిమిషాలు, కలుపుకుని తినేలోపే బెల్లు కొట్టేస్తున్నారు. ఒక చేత్తో పట్టుకుని తినేసేది కావాలి.

మూడు చోట్ల తేడా కొడుతోంది. సూపర్‌మార్కెట్లో పీటా అని రాసున్న ప్యాకెట్ తెస్తే, కోసి చూస్తే లోపల జేబే లేదు. జేబు ఉన్నది దొరికితే తెరుస్తుండగానే ఒక పక్క చిరిగిపోతోంది. చిరగకుండా నింపి పంపినా మధ్యాహ్నానికి అడుగు నాని కూరంతా డబ్బాలో పడుతోంది.

హైదరాబాద్‌లో మంచివి ఎక్కడ చూడాలి, కొనేటప్పుడు ఏం చూడాలి? ఇంట్లో చేసుకోవడమే మేలంటే, నా దగ్గరున్నది 230 డిగ్రీల దాకా వెళ్లే ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్). అందులో అవుతుందా? ఒట్టి గోధుమపిండితో చేయొచ్చా?

---

రొట్టెల_వీధి:

మీరు మొదట తెచ్చిన ప్యాకెట్ బహుశా గ్రీకు రకం అయ్యుంటుంది. పీటా పేరుతో రెండు వేర్వేరు రొట్టెలు అమ్ముతారు. గ్రీకు పీటా మందంగా, మెత్తగా ఉంటుంది, జేబు ఉండదు. మాంసం, కూరలు మధ్యలో పెట్టి చుట్టుకోవడానికి చేసిన రొట్టె అది, ఎంత జాగ్రత్తగా కోసినా రెండు పొరలుగా విడిపోదు. జేబు ఉండేది అరబ్బు రకం. అందులోనూ లెబనాన్, సిరియా వైపు చేసేది వెడల్పుగా, పల్చగా ఉంటుంది. ఈజిప్టు, పాలస్తీనా, ఇజ్రాయెల్ వైపు చేసేది చిన్నగా, గోడలు కాస్త మందంగా ఉంటాయి. పిల్లల డబ్బాకి ఈ రెండోది వెతకండి, 13 నుంచి 15 సెం.మీ. వెడల్పుది.

కొనేముందు ప్యాకెట్ పైనుంచే చూసుకోవచ్చు. రొట్టె మధ్యభాగాన్ని బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని మెల్లగా అటూ ఇటూ జరపండి. పై పొర కింది పొర మీద జారితే జేబు ఉన్నట్టే. మొత్తం ఒకే ముద్దగా కదిలితే వదిలేయండి. తర్వాత కొంచెం వంచి చూడండి, మడత దగ్గర సన్నని పగుళ్లు కనిపిస్తే పాతబడిన సరుకు, తెరవగానే చిరుగుతుంది. కవర్ లోపల నీటి బొట్లు ఉంటే వేడి మీదే ప్యాక్ చేశారని అర్థం, త్వరగా బూజు పడుతుంది. ఎక్స్‌పైరీ ఒక్కటే కాదు, తయారైన తేదీ కూడా చూడండి. ఫ్రీజర్ అరలో పెట్టి అమ్మేవాటిని చిన్నచూపు చూడకండి, మామూలు అరలో నాలుగు రోజులుగా పడున్నదానికన్నా అవే నయం.

హైదరాబాద్‌లో అయితే టోలీచౌకి, మెహిదీపట్నం, బార్కాస్ వైపు బేకరీల్లో కుబూస్ (గల్ఫ్‌లో తినే జేబు రొట్టె) అని అడగండి. గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్లకి దాని గురించి కొత్తగా చెప్పేదేం లేదు. తాజాగా ఉన్నప్పుడు జేబు చక్కగా తెరుచుకుంటుంది. కానీ సాధారణంగా పెద్ద సైజు, గోడలు పల్చన. మధ్యకి కోస్తే రెండు అర్ధచంద్రాలు వస్తాయి, తొమ్మిదేళ్ల పిల్లకి ఒక సగం సరిపోతుంది. తడి కూర మాత్రం అందులో ఆగదు. కొన్ని చోట్ల చిన్న సైజు కూడా వేస్తారు, అడిగి చూడండి. మిగతా ఊళ్లవాళ్లు దగ్గర్లోని షవర్మా షాపులో రొట్టె ఎక్కడినుంచి తెస్తున్నారో కనుక్కుంటే బేకరీ దొరికిపోతుంది. నేరుగా అక్కడికెళ్లి ఆ రోజు కాల్చినవే తెచ్చుకోండి.

అసలు కిటుకు కొన్న తర్వాత ఉంది. ఇంటికి తెచ్చిన రోజే అన్నిటినీ కోసి, జేబులు విడదీసి, అప్పుడు ఫ్రీజర్లో పెట్టండి. మర్నాడు తెరుద్దాంలే అనుకుంటే చిరిగేది అప్పుడే, ఎందుకంటే చల్లారి ఎండేకొద్దీ రెండు పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి.

---

చపాతీ_చాలు:

ఇంత శ్రమ దేనికండీ? రెండు పుల్కాల్లో కూర పెట్టి చుట్టి ఇస్తే అయిపోదా? పుల్కా కూడా పొంగుతుంది కదా, అదీ జేబే.

---

ఓవెన్_గంటన్నర:

పొంగేది ఒకే సూత్రం మీద, అది నిజం. పుల్కా గోడలు మాత్రం కాగితం మందమే, చల్లారితే కూర బరువుకే చిరుగుతాయి. పైగా చపాతీ చుట్టకి అడుగున మూత ఉండదు. చిన్నపిల్లలు పై నుంచి కొరుకుతుంటే కింద నుంచి కారుతుంది. పీటాకి అడుగు మూసే ఉంటుంది, ఆరేళ్ల పిల్లాడికి కావాల్సింది అదే.

మియాపూర్ అమ్మగారూ, 230 డిగ్రీల ఓటీజీ సరిపోతుంది. బేకరీ ఓవెన్లు 400 డిగ్రీలు దాటి ఉంటాయి కాబట్టి అక్కడ నిమిషంలోపే పొంగుతుంది, మనకి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. తేడా అంతే.

ఎనిమిది చిన్న పీటాలకి: మైదా 200 గ్రా., గోధుమపిండి 100 గ్రా., గోరువెచ్చని నీళ్లు 195–200 మి.లీ., ఇన్‌స్టంట్ ఈస్ట్ 3 గ్రా. (ఒక టీస్పూను), ఉప్పు 5 గ్రా., చక్కెర ఒక టీస్పూను, నూనె ఒక టేబుల్ స్పూను. చపాతీ పిండికన్నా మెత్తగా, చేతికి కొంచెం అంటుకునేలా ఉండాలి. అంటుకుంటోందని పొడిపిండి చల్లుతూ పోకండి, ఎనిమిది పది నిమిషాలు పిసికితే దానంతటదే నున్నబడుతుంది. మూతపెట్టి రెట్టింపయ్యేదాకా ఉంచాలి. ఎండాకాలంలో 40–45 నిమిషాలు చాలు, డిసెంబర్లో గంటపైనే పట్టొచ్చు.

ఎనిమిది ఉండలు చేస్తే ఒక్కోటి 64 గ్రాముల దాకా వస్తుంది. పది నిమిషాలు ఆగి, 13–14 సెం.మీ. వెడల్పు, 5 మి.మీ. మందంతో ఒత్తండి. అప్పడాల కర్రని మధ్య నుంచి బయటికి తోస్తూ, అంచు దాటకముందే ఆపాలి. అంచు పల్చబడితే అక్కడే ఆవిరి బయటికి పోతుంది. ఒత్తినవాటిని పొడిగుడ్డ కింద ఇంకో 10–15 నిమిషాలు ఉంచండి.

ఈలోగా ఓటీజీలో ట్రేని బోర్లించి, పైనా కిందా రెండు రాడ్లూ వేసి, 230 దగ్గర 25–30 నిమిషాలు కాల్చండి. పది నిమిషాలకే లైటు ఆరిపోతుంది, దాన్ని నమ్మొద్దు. గాలి వేడెక్కిందని చెప్పేది ఆ లైటు, ట్రే వేడెక్కిందని కాదు. పీటాకి కావాల్సింది ట్రే వేడి. అడుగు తగలగానే గట్టిపడాలి, లోపలి నీళ్లు ఒక్కసారిగా ఆవిరవ్వాలి. ఆ ఆవిరే పొరల్ని విడదీస్తుంది. ఒకేసారి రెండు మాత్రమే వేసి, తలుపు వెంటనే మూసేయండి. రెండు నిమిషాలు దాటాక పొంగడం మొదలవుతుంది, పూర్తిగా పొంగాక అర నిమిషంలో తీసేయాలి. పైన ఎర్రబడేదాకా ఉంచితే చల్లారాక అప్పడమే. తలుపు మూసి ట్రేని రెండు నిమిషాలు మళ్లీ వేడెక్కనిచ్చి, తర్వాతి జత వేయండి.

తీసిన ప్రతి పీటానీ వెంటనే మందపాటి గుడ్డలో చుట్టండి. లోపలి ఆవిరే దాన్ని మెత్తబరుస్తుంది. ఐదు నిమిషాలకి గోరువెచ్చగా అవుతుంది, అప్పుడు కోయండి. పొగలు కక్కుతుండగా కోస్తే చెయ్యి కాలుతుంది, లోపలి పిండి ఇంకా జిగటగా ఉండి గోడ లేచొస్తుంది.

పొంగకపోతే ఎక్కడ చూడాలో చెప్తాను. ఒకటీ పొంగలేదంటే ట్రే చాలినంత కాలలేదు. కొన్ని పొంగి కొన్ని ఊరుకుంటే ఒత్తడంలో తేడా: మడత పడినా, గోరు గుచ్చుకున్నా, పైన పొడిపిండి ఎక్కువై పగిలినా ఆవిరి ఆ సందులోంచి పోతుంది. సగమే పొంగితే మందం అన్ని చోట్లా ఒకేలా లేదు. గాలి తగిలి పైన ఆరిన పొర ఏర్పడినా అంతే, గుడ్డ కప్పమనేది అందుకే. పిండి ఎక్కువసేపు పులిసిపోతే పెద్ద పెద్ద బుడగలు వచ్చి ఒకే జేబు బదులు మూడు గదులవుతాయి. ఏం చేసినా ఎనిమిదింటిలో ఒకటీ అరా మొండికేస్తుంది, దాన్ని ముక్కలు చేసి సాయంత్రం పచ్చడితో లాగించేయడమే.

---

మియాపూర్_అమ్మ:

ధన్యవాదాలండీ, చాలా వివరంగా చెప్పారు. రెండు సందేహాలు. మైదా అసలు లేకుండా కుదరదా? కరెంటు పోయిన రోజు పెనం మీద చేయొచ్చా?

---

ఓవెన్_గంటన్నర:

ఒట్టి గోధుమపిండితో పొంగుతుంది, కాకపోతే గోడలు పెళుసుగా వస్తాయి. పిండిలోని పొట్టు జిగురు పోగుల్ని తెంపుతుంది, చల్లారాక ఒంచితే పగులుతుంది. అయినా కావాలంటే 300 గ్రాములకి నీళ్లు 220–225 మి.లీ. దాకా పెంచండి, మన ఆటా మైదాకన్నా ఎక్కువ తాగుతుంది. కలిపిన వెంటనే పిసక్కుండా అరగంట మూతపెట్టి ఉంచి, అప్పుడు పిసకండి. నీళ్లలో 50 మి.లీ. బదులు పాలు పోస్తే మధ్యాహ్నం దాకా కాస్త మెత్తగా ఉంటుంది. నా మాట అడిగితే సగం సగం దగ్గర ఆపేయండి. డబ్బాలో ఐదు గంటలు ఉండాల్సిన రొట్టెకి అంతకుమించి గోధుమపిండి పడదు.

పెనం మీద బ్రహ్మాండంగా అవుతుంది. ఇనప పెనం అయితే మేలు. పెద్దమంట మీద ఐదారు నిమిషాలు కాల్చి, మధ్యస్థం కన్నా కొంచెం ఎక్కువలో పెట్టండి. నూనె వద్దు. పీటా వేసి, పైన చిన్న బుడగలు కనిపించగానే, అంటే అర నిమిషంలోనే, తిప్పండి. రెండో వైపు నిమిషం, నిమిషంన్నర. మళ్లీ తిప్పి, మడిచిన గుడ్డతో అంచుల దగ్గర నొక్కితే గాలి పక్కలకి పాకి మొత్తం పొంగుతుంది. మొదటి వైపు ఎక్కువసేపు ఉంచితే అడుగు పొర మందంగా గట్టిపడి పొంగడం మానేస్తుంది, చాలామందికి తప్పేది అక్కడే.

ఈస్ట్ లేకుండా బేకింగ్ పౌడర్‌తోనూ జేబు వస్తుంది, పొంగించేది ఆవిరే కాబట్టి. కానీ లంచ్ టైంకి ఎండిపోతుంది. అప్పటికప్పుడు తినడానికైతే సరే.

---

డబ్బా_డ్యూటీ:

రొట్టె సంగతి అయిపోయింది, నాననివ్వకుండా పంపడం నేను చెప్తా.

కోసే పద్ధతిలోనే సగం పని ఉంది. ఆరేళ్ల వాళ్లకి మధ్యకి కోసి రెండు సగాలు ఇవ్వండి, చేతిలో ఇముడుతుంది. పెద్దవాళ్లకి పై అంచు నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసేసి, మిగతాదాన్ని సంచిలా తెరవండి. ఆ కోసిన ముక్కని పారేయకుండా జేబు అడుగుకి తోసేయండి. ఫలాఫెల్ (అరబ్బుల శనగ వడలు) బండ్ల దగ్గర చేసే పని ఇది. కారిన తడి అంతా ఆ ముక్క పీల్చుకుంటుంది, అసలు గోడ నానదు. తెరిచేటప్పుడు చాకుని లోపలికి తోయకండి, వేళ్లతో అంచు వెంబడి నెమ్మదిగా విడదీయండి. రెండు గోడల్లో ఒకటి ఎప్పుడూ కొంచెం పల్చగా ఉంటుంది. తడి తగిలేది మందపు గోడ వైపు పెట్టండి.

తర్వాత లోపల ఒక పూత. వెన్న కావచ్చు, గట్టి హమ్మస్ (కాబూలీ శనగల ముద్ద) కావచ్చు, నీళ్లు తక్కువ పోసి రుబ్బిన పల్లీ పచ్చడి కావచ్చు. కందిపొడి నెయ్యిలో కలిపి రాసినా బాగుంటుంది, మన పిల్లలకి హమ్మస్ కన్నా అదే ముందు ఖాళీ అవుతుంది. దాని మీద తడి ఆరిన క్యాబేజీ ఆకో లెట్యూస్ ఆకో పరిచి, ఆ తర్వాతే కూర.

కూర గ్రేవీ లేకుండా ఉండాలి. ఆలూ వేపుడు, పనీర్ బుర్జీ, గుడ్డు పొరటు, ఉడికించి చిదిపిన కాబూలీ శనగలు, పొడిగా వేయించిన కీమా పనికొస్తాయి. పూరీ కూర, చోలే పనికిరావు. పీటా మొత్తానికి 80–90 గ్రాములు, సగానికి 40–45 గ్రాములు. అంతకన్నా కుక్కితే కొరికినప్పుడు కుట్టు దగ్గర విడిపోతుంది. కూర పూర్తిగా చల్లారాక నింపండి. వేడిగా నింపి మూత పెడితే డబ్బాలో పట్టే ఆవిరి నీరంతా రొట్టెకే. కీరా వేస్తే తురిమి, చిటికెడు ఉప్పు చల్లి పది నిమిషాల తర్వాత గట్టిగా పిండేయండి. టమాటాకి గింజల గుజ్జు తీసేసి కండ మాత్రమే వాడండి. మీ డబ్బాలో నీళ్లు వచ్చింది ఈ రెంటి వల్లే అయ్యుండొచ్చు, కూర వల్ల కాకుండా.

నింపాక కింది సగానికి బటర్ పేపర్ బిగించి చుట్టి, తెరిచిన నోరు పైకి వచ్చేలా డబ్బాలో నిలబెట్టండి. పక్కన ఖాళీ ఉంటే పండు ముక్కల చిన్న డబ్బా ఇరికించండి, పడిపోదు. పేపర్‌ని తింటూ చించుకోవడం ఒకసారి ఇంట్లో చూపించండి.

మయోనీజ్ వద్దు. పచ్చి గుడ్డుతో చేసిన మయోనీజ్‌ని తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30 నుంచి ఏడాదిపాటు నిషేధించింది, అది ఊరికే కాదు. గుడ్డు లేనిదైనా, పెరుగు సాస్ అయినా, ఉదయం ఏడున్నరకి కట్టి పన్నెండున్నరకి తినే డబ్బాలో ఐస్ ప్యాక్ లేకుండా పెట్టకూడదు. కీమా, పనీర్, గుడ్డు కూడా అంతే, ఐస్ ప్యాక్ లేకపోతే పంపకండి. మార్చి నుంచి జూన్ దాకా పొడి కూరా పొడులే మేలు.

హమ్మస్ గట్టిగా రావాలంటే: 100 గ్రా. కాబూలీ శనగలు రాత్రంతా నానబెట్టి బాగా మెత్తగా ఉడికించండి, రెండున్నర రెట్లు దాకా అవుతాయి. రెండు టేబుల్ స్పూన్ల నువ్వుల ముద్ద, ఒక టేబుల్ స్పూను నిమ్మరసం, అర వెల్లుల్లి రెబ్బ, అర టీస్పూను ఉప్పు. నీళ్లు రెండు చెంచాలు దాటొద్దు. నువ్వుల ముద్దకి తెల్ల నువ్వుల్ని రంగు మారకుండా దోరగా వేయించి కొంచెం నూనెతో రుబ్బితే చాలు. ఎర్రగా వేగితే చేదొస్తుంది.

---

మిషిగన్_నుంచి:

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం రెండు మాటలు. ఇక్కడ పెద్ద స్టోర్లలో గ్రీక్ స్టైల్, పాకెట్‌లెస్ అని రాసున్నవి పక్కనపెట్టండి. మినీ సైజు పాకెట్ పీటా అడగండి, ప్రైమరీ స్కూల్ పిల్లలకి సరిగ్గా సరిపోతుంది. మా వైపు డియర్‌బోర్న్, న్యూజెర్సీలో పాటర్సన్‌లో అరబ్ బేకరీలు చాలా ఉన్నాయి, అదే రోజు కాల్చినవి దొరుకుతాయి. ప్రిజర్వేటివ్ వేయనివైతే మర్నాటికే గట్టిపడతాయి, కొన్న సాయంత్రమే ఫ్రీజర్లోకి పంపాల్సిందే.

పల్లీ పచ్చడి పెట్టేముందు స్కూల్ రూల్ కనుక్కోండి, చాలా చోట్ల పల్లీలు, నట్స్ తేనివ్వరు. నువ్వుల మాటా గుర్తుంచుకోండి. అమెరికాలో 2023 జనవరి 1 నుంచి నువ్వుల్ని కూడా ప్రధాన అలర్జీ పదార్థాల్లో చేర్చి లేబుల్ మీద రాస్తున్నారు, కాబట్టి తహినీ (నువ్వుల ముద్ద) ఉన్న హమ్మస్‌కి కూడా అడిగే పెట్టాలి.

ఫ్రీజర్ నుంచి తీసినదాన్ని మైక్రోవేవ్‌లో పెట్టి డబ్బా కట్టకండి. పది సెకన్లకి దూదిలా ఉంటుంది, చల్లారగానే సాగే తోలు. పెనం మీద వైపుకి 20–30 సెకన్లు చాలు.

---

రొట్టెల_వీధి:

అవును, పెనమే. ఇంకోటి, ఫ్రిజ్ మామూలు అరలో అసలు పెట్టకండి. బయటికన్నా ఆ చలిలోనే రొట్టె త్వరగా గట్టిపడుతుంది. ఫ్రీజర్లో ఒక్కో పీటా మధ్య బటర్ పేపర్ వేసి, జిప్ కవర్లో గాలి తీసి పెడితే నెల రోజులు ఢోకా లేదు. రాత్రే తీసి పెట్టక్కర్లేదు, ఉదయం కూర చల్లారేలోపు అరగంటలో బయటే విడిపోతుంది.

ఆదివారం మసాలా వడలు మిగిలితే సోమవారం డబ్బాకి అవే కూర. పచ్చి శనగపప్పు నానబెట్టి బరకగా రుబ్బి వేయిస్తాం కాబట్టి ఫలాఫెల్ చేసే పద్ధతికి ఏమంత దూరం కాదు. రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి, ఉదయం పెనం మీద నూనె లేకుండా రెండు వైపులా కరకరలాడేలా వేడిచేసి, చల్లారాక ఒక్కో వడని నాలుగు ముక్కలు చేయండి. సగం పీటాకి ఒకటిన్నర వడ, పిండిన క్యారెట్, క్యాబేజీ తురుము గుప్పెడు. కొత్తిమీర పచ్చడి వేస్తే గోడకి కాదు, ముక్కల మధ్యన అర చెంచా వేయండి.